ఓజోన్‌ను పైకి చెరిగిన ఊరు

ఆకాశానికి పడిన చిల్లు పూడ్చే భారాన్ని భగవంతుడు బొగ్గు గనుల చంద్రపూర్ మీదే పెట్టాడని నగరపాలిక ఓజోన్ సంరక్షణ ఉపవిభాగం తేల్చింది. (టెండర్ పిలవకుండా పని అప్పగించడం దేవుడి తప్పే. పెద్దమనసుతో మన్నించారు.) ఓజోన్ మనల్ని కాచే గొడుగని గోడగోడ మీదా రాయించారు. ఆ గొడుగు ఎంత ఎత్తున ఉండాలో రాయడానికి గోడ చాలలేదు.

తర్వాత చౌరస్తాలో గాలి లెక్కలు చూపే తెర పెట్టారు. ఎండ ముదిరేకొద్దీ ఓజోన్ అంకె పెరిగేది. పెరిగిన రోజున అధికారులు ఒకరికొకరు దూద్‌పేడాలు తినిపించుకునేవారు.

సరిగ్గా ఆ వేళకే దుర్గాపూర్ రోడ్డు ఊడ్చే ఎర్రయ్యకు ఊపిరి అందేది కాదు. బండ్ల పొగ, చిమ్నీల పొగ ఎండలో ఉడికి కిందనే ఓజోన్ పుడుతుందని, అది పైనుంటే మేలు, ముక్కులో దూరితే కీడని డాక్టర్ చెప్పాడు. పొద్దున పూటే పని చేసుకొమ్మన్నాడు.

ఎర్రయ్య ఉపవిభాగానికి పోయాడు. అక్కడి అధికారి నాగేష్ ఆయన పక్కింటి గని కార్మికుడి కొడుకే.

"ఏంది కాకా, ఓజోన్ మీదనే తక్రార్ తెచ్చినవా?"

"తక్రార్ కాదు సాబ్. దమ్ము ఆడ్తలేదు. పొద్దుగాల డ్యూటీ ఇయ్యిండ్రి."

"గొడుగు కింద నిలబడి గొడుగునే తిడ్తవా?"

"గొడుగు నెత్తి మీదుండాలె గని, గొంతుల ఇరికిస్తె ఎట్ల సాబ్?"

నాగేష్ కిటికీలోంచి ఆకాశం కేసి చూశాడు. "నిజమే కాకా. పైన తక్కువుందని దునియా ఏడుస్తుంది, మనకాడ కింద ఎక్కువుంది. పైకి పంపుదాం."

ఆ విధంగా ఓజోన్ ఎగుమతి పథకం పుట్టింది. ఊడ్చేవాళ్లందరికీ చేటలిచ్చి, మేడల మీదికెక్కించి, గాలిని ఆకాశంలోకి చెరిగించారు. సరుకు మధ్యాహ్నమే దొరుకుతుంది గనక పనివేళా అదే. ఎర్రయ్య మనవిని ప్రత్యేకంగా పరిశీలించి ఆయన్ని ముఖ్య శోధకుడిగా నియమించారు. ఆయన దమ్ము ఎక్కడ ఆగితే అక్కడ చేటలు గట్టిగా ఊపాలి. (జీతం పాతదే, హోదా కొత్తది.)

వారం తిరక్కముందే ఎర్రయ్య మేడ మీదే కూలబడ్డాడు.

ఆసుపత్రిలో ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. చూడవచ్చిన నాగేష్ ఆ గొట్టం చూసి నొచ్చుకున్నాడు.

"అయ్యో కాకా, దీంట్ల ఆక్సిజన్ రెండు పాళ్లే ఉంటది. ఓజోన్‌ల మూడు పాళ్లు. గంత మంచి మాల్ బయట ఫుకట్‌గ దొరుకుతుంటె ఇక్కడెందుకు? రేపు మధ్యాహ్నం డ్యూటీకి వచ్చెయ్."

ఎర్రయ్య ఏమీ అనలేదు. ఉపవిభాగం దాన్ని సమ్మతిగా స్వీకరించింది.