తూర్పు తిరిగిన సెన్సార్

ఆ ఉదయం నాచారంలోని జనార్ధనరావు కార్ఖానాలో అందరి ఆలోచనా ఒక్కటే. కొనుగోలు సంస్థ ఇంజినీరు ఛాయాదేవి మధ్యాహ్నం వచ్చి కొత్త సెన్సార్‌ని చూస్తుంది. ఆవిడ సరేనంటే ఆర్డరూ వస్తుంది, ట్రైనీగా ఉన్న హరిత ఉద్యోగమూ ఖాయమవుతుంది. కాదంటే హరిత చిల్కానగర్‌లోని ఇంటికి పోయి మళ్లీ దరఖాస్తులు పెట్టుకోవాలి.

ఒక వస్తువు ఎంత వేగంగా తిరుగుతోందో ఆ సెన్సార్ చెబుతుంది. పాతవాటిలో చక్రం బొంగరంలా తిరిగేది. ఫోన్లలో ఉండేది అదురుతూ ఉండే ఆవగింజంత సిలికాన్ ముక్క. ఫోను తిప్పితే అది పక్కకు ఒరుగుతుంది. జనార్ధనరావుది మూడో రకం. గాజు తీగ చుట్టలోకి రెండు వైపుల నుంచీ వెలుగు పంపుతారు. చుట్ట తిరిగితే ఒక వెలుగు రవంత ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యాన్ని బట్టే వేగం తెలుస్తుంది. ఆ కార్ఖానాలో ఆలస్యంగా వచ్చి తిట్లు తినకుండా బతికేది ఆ వెలుగొక్కటే.

స్టాండు మీద కదలకుండా కూర్చున్న సెన్సార్, గంటకు పధ్నాలుగు డిగ్రీల చొప్పున తిరుగుతున్నట్టు చూపిస్తోంది. జనార్ధనరావుకి చెమటలు పట్టాయి.

"భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతది గద సార్, అండ్ల మన ఊళ్లె పధ్నాలుగు అందుతది, గదే సూపిస్తున్నది" అంది హరిత.

"భూమి సంగతి ఆవిడ అడిగిందా? నాకు సున్నా కావాలమ్మా" అని ఆయన బావమరిది భూషణానికి ఫోన్ చేశాడు.

భూషణం వాస్తు సిద్ధాంతి. స్టాండు ఉత్తరం చూస్తోందని తప్పుపట్టి, తాను పెట్టించిన తూర్పు గుమ్మం వైపు తిప్పించాడు. అంకె మూడుకు దిగింది. ఇంకాస్త తిప్పితే సున్నా. జనార్ధనరావు బావమరిదికి దండం పెట్టి, ఎవరూ కదపకుండా స్టాండు కాళ్లకు సిమెంటు వేయించాడు. హరిత వద్దని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఛాయాదేవి వచ్చి సున్నాను చూసి మొహం చిట్లించింది.

"భూమి తిరగడం కూడా తెలియని సెన్సార్ మాకెందుకండీ?"

భూమి ఇరుసు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి సరిగ్గా తూర్పు చూస్తే దాని తిరుగుడు అందదని, ఉత్తరం వైపు తిప్పితే తెలుస్తుందని హరిత గబగబా చెప్పింది. తిప్పడానికి స్టాండు కదిలితేగా. బావాబావమరుదులు చెరో పక్కా పట్టి లాగితే, కింది టైలుతో సహా ఊడి వచ్చింది. టైలుతోనే ఉత్తరానికి తిప్పారు. మళ్లీ పధ్నాలుగు.

ఛాయాదేవి నవ్వింది. "చాలా బాగుంది. ఇందాక సున్నా వచ్చిందే, అదీ అసలు తూర్పు. మీ గుమ్మం కొంచెం పక్కకు పోయింది, చూశారా?"

ఆ గుమ్మం కోసం భూషణం రెండుసార్లు గోడ కొట్టించాడు. జనార్ధనరావు అటు తిరిగేసరికి, కీసరలో గృహప్రవేశం ఉందంటూ అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ఆర్డరు వచ్చింది, హరిత ఉద్యోగమూ ఖాయమైంది. కానీ ఆమె ఇంకా తన కుర్చీలో కూర్చోలేదు. సెన్సార్ పట్టుకెళ్లి తూర్పు సరిచూడాల్సిన జనార్ధనరావు చుట్టాల గుమ్మాలు ఇంకా చాలా మిగిలున్నాయి.