సాంబారులో లేని బల్లి

పెంచల్ ఆ పొద్దున నామం కాస్త పొడుగ్గానే దిద్దుకున్నాడు. కోవూరు కళ్యాణ మండపంలో ఇన్నేళ్లు కుర్చీలు మోసి, ఎంగిలాకులు ఎత్తి, ఇవాళ మేనేజరు కాబోతున్నాడు. భార్య ఉష అప్పుడే వీధంతా చాటేసింది కూడా. "ఒరే పెంచలా" పోయి "పెంచల్ గారూ" రావాలి. అతని ఆశంతా అదే.

"ఈ ఓణీల ఫంక్షను సవ్యంగా జరగనీరా. సాయంత్రం నలుగురిలో నిన్ను మేనేజరని చెప్పేస్తా" అన్నాడు యజమాని పద్మనాభయ్య. గోడమీద బల్లి టిక్కుటిక్కుమంది. పెంచల్ "సత్యం" అంటూ బల్లమీద వేలితో కొట్టాడు.

ఆ సత్యం పలికిన బల్లే టిఫిన్ల వేళకు వంటింట్లో, మూత తీసిన సాంబారు గుండిగ పక్క గోడమీద తేలింది. పెంచల్ చీపురు విసిరాడు. తోక తెగి గచ్చుమీద గిలగిలా ఎగిరింది. చూసేవాళ్లు అటే చూడాలనే బల్లి తోక వదిలేది. పెంచలూ, వంటమనిషి కామమ్మా నోళ్లు తెరుచుకుని అటే చూశారు.

"బల్లి యాడికి పొయ్యింది అబ్బయ్యా?"

"నేను తోకని చూస్తా ఉండా. నువ్వు చూళ్ళా?"

"నేనూ తోకనే చూస్తి!"

గరిటెతో గుండిగంతా దేవారు. ములక్కాడలే తగిలాయి, అయితే ప్రతి ములక్కాడా బల్లిలాగే కనిపించింది. పెంచల్ వడ్డించేవాళ్లతో మెల్లగానే అన్నాడు: "సాంబారు ఆపండి. బల్లి కనపళ్ళా."

మొదటి పంక్తిలో అది "సాంబార్లో బల్లి" అయింది. చేతులు కడుక్కునే చోటికి చేరేసరికి పామైంది. ఉత్త చట్నీతో ఇడ్లీ తిన్న పెద్దమనిషి అందరికన్నా ముందు కక్కాడు. ఓణీ వేసుకోవలసిన పిల్ల బావురుమంది. అశుభం వినబడకూడదని మేళగాళ్లు గట్టిమేళం అందుకున్నారు.

పిల్ల మేనమామ వచ్చి పద్మనాభయ్య చొక్కా పట్టుకున్నాడు. "ఈడ బాధ్యుడు ఎవురయ్యా?"

పద్మనాభయ్య చూపు హాలంతా తిరిగి పెంచల్ మీద ఆగింది. "నాకేం తెలుస్తాది సామీ? అంతా చూసుకునేది మా మేనేజరు. అదిగో, పెంచల్ గారు!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గారు అనిపించుకున్న పెంచల్‌కు ఆ ముచ్చట తీరనే లేదు. జనం మీద పడ్డారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. అందరూ తనమీదే ఉండగా పద్మనాభయ్య వెనక వాకిలిగుండా జారుకోవడం జనం కాళ్ల సందులోంచి చూశాడు. తిన్న దెబ్బలకన్నా అదే ఎక్కువ మండింది.

సాయంత్రం పద్మనాభయ్య ఫోన్ చేశాడు. "ఒరే పెంచలా, రేపట్నించి రాబాకు. మండపం పేరు పోతాది. వేరే మనిషిని చూసుకున్నా."

చెప్పుల కోసం మండపం వంటింట్లోకి వెళితే, గడియారం వెనకనుంచి మొండి బల్లి తల బయటపెట్టి టిక్కుటిక్కుమంది. ఈసారి పెంచల్ సత్యం అంటూ వేలితో కొట్టలేదు.

"దానికేం అబ్బయ్యా, తోక మళ్లీ మొలుస్తాది" అంది కామమ్మ, గుండిగ బోర్లిస్తూ.

తోకకు బల్లి మొలిచిందని మాత్రం కోవూరులో ఇంతవరకు ఎవరూ వినలేదు.