లూజు వదిలిన బండి

ఆ రోజుకు దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వకీలుగారు కోర్టుకు వెళ్తూ దారిలో తన నల్లకోటు పట్టుకెళ్తారు. గుండీలు కుట్టడం ఒక్కటే మిగిలింది. ముందు గదిలో తన బల్ల మీదున్న కోటును వెనక గదిలోని భార్యకు చేర్చాలి, కుట్టాక మళ్లీ తెప్పించుకోవాలి. ఇన్నేళ్లుగా ఆ రాకపోకలన్నీ ఆవిడవే. ఆవిడ మోకాళ్లు అరిగాయి, నడక తగ్గించాలని డాక్టరు చెప్పినప్పటి నుంచీ దర్జీకి మనసు మనసులో లేదు. ఈసారి కోటు తనంతట తనే వెళ్లొస్తుంది.

అందుకోసం ఆయన ఒక బండి తయారుచేశాడు. ఒక చెక్కపలక, రెండు మోటార్లు, చక్రాలు, బ్యాటరీలు, వాటన్నిటి మీదా పెత్తనానికి అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. ఎదురుకొట్లో ఫోన్లు బాగుచేసే అతను ఆ బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించడం నేర్పాడు. ఎంతసేపు తిన్నగా వెళ్లాలి, ఎంతసేపు పక్కకు తిరగాలి అని అంకెలు ఇస్తే చాలు, మిగతాది బోర్డు చూసుకుంటుంది. "అంకెలు మాత్రం కచ్చితంగా ఉండాలి" అని అతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

కచ్చితం అనే మాట దర్జీకి గిట్టదు. కచ్చితంగా కుట్టిన చొక్కా తొడుక్కుని మనిషి కడుపునిండా తినలేడు. ఏ కొలతకైనా కాస్త లూజు వదలడం ఆయన వృత్తిధర్మం. ఎక్కువైతే పట్టేయొచ్చు, తక్కువైతే గుడ్డ ఎక్కడి నుంచి తెస్తాం? కాబట్టి ప్రోగ్రాంలో ప్రతి అంకెకూ కొంచెం కలిపాడు.

"ఇదేంటండీ?" అంది భార్య, కొట్లోకి అడుగుపెడుతూనే.

"నీకోసమే. ఇక నువ్వు లేవక్కర్లేదు. బండే తెస్తుంది, బండే పట్టుకెళ్తుంది. పనయ్యాక ఈ మీట నొక్కు, అంతే."

"అంటే నేను ముందు గదిలోకి రానక్కర్లేదా?"

"అసలు రానక్కర్లేదు!" అన్నాడు దర్జీ, వరమిచ్చిన దేవుడిలా.

ఆవిడ కాసేపు బండిని చూసింది, కాసేపు మొగుణ్ణి చూసింది. "అలాగే. రేపట్నుంచి కొట్టుకే రాను. గుండీలకి ఇంకెవర్నైనా పెట్టుకోండి" అని వెనక గదిలోకి వెళ్లిపోయింది.

ఆవిడ లేని కొట్టు ఎలా ఉంటుందో దర్జీకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వెంటనే వెళ్లి ఏమైందని అడగొచ్చు. కానీ బండి పనితనం చూస్తే ఆవిడే మెత్తబడుతుందని అనుకున్నాడు. కోటు పెట్టి మీట నొక్కాడు.

బండి నడవాలో కొంతదూరం వెళ్లి, ఆవిడ గది గుమ్మం దగ్గర కుడివైపు తిరగాలి. లూజు పుణ్యాన అది గుమ్మం దాటి, నడవా చివర తెరిచి ఉన్న తలుపులోంచి పెరట్లోకి వెళ్లి, అప్పుడు తిరిగింది. అటువైపు లాండ్రీ ఉంది. ఆవిడ గోడకేసి కూర్చోవడంతో ఇదేమీ చూడలేదు.

తనంతట తానే నడిచొచ్చిన కోటును లాండ్రీ యజమాని మహా గౌరవంగా దించుకున్నాడు. అతని దగ్గర ఆసుపత్రి వాళ్ల తెల్లకోటు ఒకటి గుండీ ఊడి పడుంది. దర్జీ ఇంత ఏర్పాటు చేశాక తను నడవడం ఎందుకని దాన్ని బండి మీద పెట్టి మీట నొక్కాడు. వెళ్లింది తప్పు దారే అయినా, వచ్చిన దారినే తిరిగి పోవడంలో బండికి సాటి లేదు. బుద్ధిగా వచ్చి దర్జీ బల్ల ముందు ఆగింది.

అప్పటికే వచ్చి కూర్చున్న వకీలుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమయ్యా, నల్లకోటిస్తే తెల్లకోటు వచ్చిందేంటి?"

దర్జీ తనకు అంతా అర్థమైపోయిందనుకున్నాడు. ఆవిడకు కోపం తగ్గలేదు. కావాలనే వేరే పని ముందు వేసుకుంది. లేచి నాలుగడుగులు వేస్తే సంగతి తేలిపోయేది. కానీ తనే నడిస్తే ఇక బండి ఎందుకు? 'ముందు నల్లదాని పని చూడు, వకీలుగారు తొందరలో ఉన్నారు' అని చీటీ రాసి, తెల్లకోటుకు గుచ్చి మళ్లీ పంపాడు.

నల్లకోటును ఏం చేయాలో తోచక పక్కన పెట్టిన లాండ్రీ యజమాని చీటీ చదివి, "అలా చెప్పండి మరి" అనుకుంటూ దాన్ని సబ్బునీళ్లలో ముంచాడు.

ఇక్కడ వెనక గదిలో ఆవిడ సూదికి దారం ఎక్కించి ఎదురుచూస్తోంది. కోటు రాలేదు. అప్పుడే ఇంకొకర్ని చూసుకున్నారన్నమాట అనుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చివరికి వకీలుగారే కేకేశారు. "అమ్మా, జడ్జిగారు గుండీలు లెక్కపెట్టరు! ఎలా ఉంటే అలా ఇచ్చెయ్!"

ఆవిడ సూదితో సహా బయటికొచ్చింది. "పంపితే కదండీ ఇవ్వడానికి?"

"బండి రెండుసార్లు వచ్చిందిగా నీ దగ్గరికి!" అన్నాడు దర్జీ.

"నా గుమ్మంలోకి ఒక్కసారీ రాలేదు."

అంతలో పెరటివైపు నుంచి లాండ్రీ యజమాని నీళ్లోడుతున్న కోటుతో ప్రత్యక్షమయ్యాడు. "తడి బరువు, బండి మోయలేదని నేనే తెచ్చానండీ. తెల్లదానికి మాత్రం మీరు గుండీ కుట్టలేదు."

ఎవర్ని తిట్టాలన్నా టైము లేదు. దర్జీ ఇస్త్రీపెట్టె అందుకుని కోటు చేయి ఒకటి ఆరబెడుతుంటే, అదే బల్లకు అటువైపు స్టూలు వేసుకుని ఆవిడ గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే వకీలుగారి కేసేంటో అడిగింది. వీధిలో పోతున్న కూరలామెను పిలిచి కూతురి జ్వరం తగ్గిందా అంది. లాండ్రీ యజమాని మొహం చూసి నవ్వాపుకోలేకపోయింది. దర్జీ ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గుండీకొకసారి లేచి ముందుకొచ్చేది ఇందుకా!

వకీలుగారు సగం తడిగా, సగం పొగలు కక్కుతూ వెళ్లిపోయాక ఆవిడే నోరు విప్పింది. "మోకాళ్లు నొప్పే, కాదన్ను. కానీ రోజంతా ఆ గోడను చూస్తూ కూర్చోవడం అంతకన్నా నొప్పండీ. నాలుగు మొహాలు చూసేదీ, మీతో నాలుగు మాటలాడేదీ ఇటొచ్చినప్పుడేగా. అదీ వద్దన్నారు."

"ముందే చెప్పొచ్చుగా?"

"మోకాళ్ల గురించి డాక్టర్ని అడిగారు. నన్నెప్పుడైనా అడిగారా?"

దర్జీకి సిగ్గేసింది. అందరి కొలతలూ తీసే మనిషి, ఇంట్లో మనిషి కొలత తీయనేలేదు. వెళ్లి ఆవిడ కుర్చీ, గుండీల డబ్బా మోసుకొచ్చి తన బల్ల పక్కనే, వీధి కనబడేలా వేశాడు. చేయి చాపితే కోటు అందే దూరం. రేపట్నుంచి రానన్న మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. "కాస్త ఇటు జరపండి, మీద ఎండ పడుతోంది" అని మాత్రం అంది.

మర్నాడు కొలతలివ్వడానికి వచ్చిన ఒకాయన మూలనున్న బండిని చూసి, "ఇది పనిచేస్తుందా?" అని అడిగాడు.

"చేసిందండీ. దానికిక పని లేనంత బాగా చేసింది" అన్నాడు దర్జీ.