ఎర్రదారం కోళ్లు

దీపావళి సెలవులు అయిపోయి మగ్గాలు మళ్లీ తిరగడం మొదలైన వారానికి సూరత్‌లో తెల్లవారుజామున కాస్త చలి పుట్టింది. ఆ చలికి వీధిలో ఎవరూ స్వెట్టర్ బయటికి తియ్యలేదు. రాజనర్సు మాత్రం పెరట్లో నిలబడి కోళ్ల గురించి దిగులు పడ్డాడు.

ఆయనకు ఓ డజను కోళ్లున్నాయి. ఒక జాతివి కావు, ఒకదానికొకటి పడవు. నల్లటి కడక్‌నాథ్‌లు రెండు, గిరిరాజ పెట్టలు నాలుగు, ఫారం వాళ్లు వదిలించుకుంటుంటే జాలిపడి తెచ్చుకున్న తెల్లకోళ్లు రెండు, ముసలి నాటుపెట్టలు రెండు, మెడ మీద పుట్టుకతోనే ఈకల్లేని పెట్ట ఒకటి, ఒంటికన్ను అసీల్ పుంజు ఒకటి. ఎండాకాలమంతా ఇవి ప్రహరీ మీదా, జామకొమ్మల మీదా, ఇంటి యజమానురాలు హంసాబెన్ స్కూటర్ సీటు మీదా నిద్రపోయేవి. చలికాలం వస్తే అన్నీ గూట్లోకే వస్తామంటాయి. గూడేమో సగం కోళ్లకే సరిపోతుంది. దాన్ని కాస్త పెంచుదామంటే పై అంతస్తులో ఉండే హంసాబెన్ పడనివ్వదు. ఇంట్లో ఉల్లిపాయ కూడా కొయ్యని మనిషి, కింద ఇన్ని కోళ్లను ఇన్నేళ్లు భరించడమే ఎక్కువ. "ఇంకొక్క చెక్క కొట్టినా ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే రాజుభాయ్" అని నవరాత్రుల్లోనే తేల్చి చెప్పింది.

కాబట్టి సగం కోళ్లు పోవాలి. ఏ సగం అన్నదాంట్లో రాజనర్సుకు అనుమానమే లేదు. ఆయన పవర్‌లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, మాస్టర్. అక్కడ మగ్గం దిగిన బట్టను మడత పెట్టే ముందు పరీక్షగా చూస్తారు. పోగు తెగినచోట, మరక పడినచోట అంచుకు ఎర్రదారం ముడి వేస్తారు. ఎర్రదారం పడిన టాకా, అంటే ఆ బట్ట తాను, డ్యామేజ్ కింద లెక్క. అది సెకండ్ సరుకులో పోతుంది. దాని కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. ఆ పద్ధతి మీద రాజనర్సుకు గొప్ప నమ్మకం. ఆ పొద్దున షిఫ్టుకు బయలుదేరేముందు జేబులోంచి ఎర్రదారం తీసి, గుడ్లు మానేసిన తెల్లకోళ్ల కాళ్లకూ, ఈకలు రాల్చుకుని పీచులా మిగిలిన నాటుపెట్టలకూ, మెడబోసిదానికీ, ఒంటికన్ను పుంజుకూ తలా ఒక ముడి వేశాడు.

కడక్‌నాథ్‌ల జోలికీ గిరిరాజల జోలికీ పోలేదు. అవి మంచి సరుకు. అందులోనూ చిన్న కడక్‌నాథ్ ఆయన బండి చప్పుడు వింటే చాలు, గేటు దాకా ఎదురొస్తుంది. దాన్ని నల్లపిల్ల అని పిలుచుకుంటాడు. చలికాలం ఎవరికి కష్టమైనా సరే, దానికి మాత్రం కష్టం కాకూడదని ఆయన పట్టుదల.

భార్య ప్రమీలకు ఈ సంగతి చెప్పలేదు. మెడబోసి పెట్టను ఆమె తల్లి స్వయంగా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిచ్చింది. చెబితే కోడి ఉంటుంది, తనే బయటికి పోవాల్సొస్తుంది. అందుకని పల్సానాలో మిల్లు కూలీలకు మెస్ నడిపే బామ్మర్ది బక్కయ్యకు గేటు బయట నిలబడి ఫోన్ చేశాడు.

"బక్కయ్యా, మధ్యానం గంప తీస్కొని రా. కాళ్లకు ఎర్రదారం ఉన్నయి పట్టుకపో. అక్కకు నేను నిమ్మలంగ చెప్త."

ప్రమీల చాయ్ తెచ్చి ఇచ్చింది. రాజనర్సు గూటివైపు చూస్తూ గ్లాసు అందుకుని, "ఈ చలికాలం కష్టమే ప్రమీలా" అని నిట్టూర్చి బండెక్కాడు.

ఆ తర్వాత జరిగినదంతా ఆయనకు ముక్కలు ముక్కలుగా, అదీ రకరకాల మనుషులు ఏడుస్తూ చెబితే తెలిసింది.

ప్రమీల గింజలు చల్లడానికి పెరట్లోకి వెళ్లి ఎర్రదారాలు చూసింది. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల దగ్గర. అక్కడ వాళ్లింట్లో పెద్ద ఆపద వస్తే పోచమ్మకు కోడిని మొక్కి, కాలికి ఎర్రదారం కట్టి వదిలేస్తారు. పండగనాడు మొక్కు చెల్లించేదాకా ఆ కోడిని అమ్మరు, కొయ్యరు, కసురుకోనైనా కసురుకోరు. ప్రమీల చేతిలో గింజల చేట అలాగే ఉండిపోయింది. మొగుడు బోనాలనాడు కూడా గుడి మెట్టు ఎక్కకుండా బయట చెప్పులకు కాపలా ఉండే రకం. అలాంటివాడు ఇంట్లో మాట మాత్రం చెప్పకుండా మొక్కుకున్నాడంటే ఊరికే మొక్కుకోడు. ఆమె పక్కింటి వజ్రమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఆ వాడలో మొక్కుల సంగతి వజ్రమ్మ చెప్పిందే వేదం. ఆవిడ వచ్చి, ఒక్కో కోడినీ పట్టుకుని కాలు చూసి, మెల్లగా కిందికి వదిలింది.

"ఒక్క కోడిని మొక్కితె జరం అనుకో బిడ్డా. రెండు మొక్కితె ఆపరేషన్. ఆరు మొక్కిండంటె..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దుగాల చాయ్ తాగుకుంట 'ఈ చలికాలం కష్టమే' అన్నడత్తా! నాకు సమజ్ కాలే," అంది ప్రమీల. "మొన్న చేపలకూర గూడ సగమే తిన్నడు."

ఆ కూరలో ఉప్పు రెండుసార్లు పడిందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఇద్దరూ గూటి ముందు కూర్చుని ఏడ్చారు. ఏడుపు విని ఇటు పక్కవాళ్లు వచ్చారు, వాళ్లను చూసి అటు పక్కవాళ్లు వచ్చారు. మధ్యాహ్నానికి రాజనర్సు జబ్బు గుండె నుంచి కాలేయానికీ, అక్కడి నుంచి పేరు పైకి చెప్పకూడని జబ్బుకూ మారింది.

సరిగ్గా అప్పుడే బక్కయ్య గంపతో దిగాడు. మెస్‌లో మసాలా నూరమని చెప్పి మరీ వచ్చాడు.

"అక్కా, ఎర్రదారం కోళ్లు పట్టుకపొమ్మన్నడు బావ," అన్నాడు ఉత్సాహంగా.

ప్రమీల లేచి తమ్ముడి రెండు భుజాలూ పట్టుకుంది.

"యాడికి పట్టుకపొమ్మన్నడు తమ్మీ? పోచమ్మ తానికేనా? తను పోలేననేనా నిన్ను పంపిండు? నా మీద ఒట్టు, నిజం చెప్పు!"

బక్కయ్య అక్క మొహం చూశాడు. చుట్టూ ఆడవాళ్లను చూశాడు. కోడి కాలికున్న దారం చూశాడు. తనూ ఆ ఇంట్లోనే పెరిగాడు. ఎర్రదారం కోడిని కూరకు పట్టుకుపోవడానికొచ్చానని ఈ జనం ముందు చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

"అవ్ అక్కా. అమ్మ తానికే," అన్నాడు గంపను వెనక్కి దాచుకుంటూ.

దాంతో కాస్తో కూస్తో అనుమానం ఉన్నవాళ్లకు కూడా తీరిపోయింది. ఇంత గోల పైన హంసాబెన్‌కు వినపడకుండా ఎలా ఉంటుంది? బాల్కనీలోంచి ఒంగి, ఏమైంది, కోళ్ల కాళ్లకు ఆ దారాలేమిటని హిందీలో అడిగింది. వజ్రమ్మ లోకం చూసిన మనిషి. ఇంటి యజమానురాలికి ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆవిడకు తెలుసు.

"భగవాన్‌కా హై బెన్. కాట్నేకా నై," అని చేతులు జోడించింది, దేవుడివి, కొయ్యకూడదని. పండగదాకా అన్న మాట మాత్రం మింగేసింది.

హంసాబెన్ తన మణికట్టు వైపు చూసుకుంది. అక్కడ గుడిలో కట్టించుకున్న ఎర్రదారం ఉంది. అది రక్ష. అది కట్టాక ఆ ప్రాణికి కీడు తలపెట్టకూడదు. అంటే ఈ రాజుభాయ్, ఇన్నేళ్లుగా తను కసాయివాడనుకున్న ఈ మనిషి, నోరులేని జీవాలకు అభయమిచ్చాడన్నమాట. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లి సజ్జల డబ్బా వెతకడం మొదలుపెట్టింది.

రాజనర్సుకు ఫోన్ వచ్చేసరికి ఆయన తెగిన పోగులు అతికిస్తున్నాడు. ప్రమీల "ఉన్నపళంగ రా" అని మాత్రం చెప్పి భోరుమంది. మెడబోసిదాని సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాడు. కుక్క ఎత్తుకుపోయిందని చెబుదామనుకున్నాడు. బక్కయ్యే పొరపాటున పట్టుకుపోయాడంటే ఇంకా బాగుంటుందనిపించింది.

గేటు దగ్గర నల్లపిల్ల ఎదురొచ్చింది. దాని వెనకే జనం ఉన్నారు. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎవరో కుర్చీ వేశారు. వజ్రమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "సల్లగున్నది" అని అందరికీ చెప్పింది. చల్లగా ఉండటం కూడా మంచి లక్షణం కాదని ఎవరో అన్నారు.

"ఏంది గిది? ఎవలు పోయిన్రు?" అన్నాడు రాజనర్సు కంగారుగా.

ప్రమీల కుర్చీ పక్కన కూలబడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకెందుకు చెప్పలే? ఏం రోగమొచ్చింది నీకు? ఆరు కోళ్లు మొక్కుకునే అంత కష్టం కడుపుల పెట్టుకొని రోజు షిఫ్ట్‌కు పోతున్నవా? నువ్వు లేకుంట నేనేం చెయ్యాలె?"

రాజనర్సుకు విషయం మెల్లగా అర్థమైంది. పెళ్లయినప్పటి నుంచీ ప్రమీల తన మీద కోపంతో ఏడవడం చూశాడు గాని తన కోసం ఏడవడం చూడలేదు. ఆయనకు నిజంగా సిగ్గేసింది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"ప్రమీలా, ఆ దారం..."

అప్పుడే మెట్ల మీద నుంచి హంసాబెన్ దిగింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో సజ్జలు, కుంకుమ ఉన్నాయి. ఎప్పుడూ ముక్కుకు చీరచెంగు అడ్డం పెట్టుకోకుండా ఆ పెరట్లో కాలు పెట్టని మనిషి, నేరుగా వచ్చి ఒంటికన్ను పుంజు ముందు సజ్జలు పోసింది. తర్వాత రాజనర్సుకు నమస్కారం చేసింది.

"రాజుభాయ్, నేను నిన్ను తప్పుగా అనుకున్నాను," అంది తన హిందీలో. "ఆరు ప్రాణాలకు అభయమిచ్చావు. ఇంత పుణ్యం మా వాళ్లే చెయ్యరు."

రాజనర్సు బక్కయ్య వైపు చూశాడు. బక్కయ్య ఆకాశం వైపు చూశాడు. ఇప్పుడు నిజం చెబితే పోచమ్మ కోళ్లను మెస్‌కు అమ్మబోయాడని వాడకట్టంతా మీదపడుతుంది. హంసాబెన్ సామాను బయట పెట్టిస్తుంది. ప్రమీల ఏం చేస్తుందో ఊహించడానికి కూడా ఆయన సాహసించలేదు.

"నాకేం రోగం లేదు," అన్నాడు నెమ్మదిగా. "జర దగ్గున్నది, గంతే."

"దగ్గుకు ఆరు కోళ్లా?" అంది వజ్రమ్మ.

"మనందరి కోసం మొక్కిన పెద్దమ్మా. చలికాలం గదా, అందరు మంచిగుండాలని."

ఒక్కసారిగా పెరట్లో ఊపిరి తిరిగింది. ప్రమీల నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. గండం గడిచిందనుకుని రాజనర్సు కుర్చీలో వెనక్కి వాలాడు. హంసాబెన్ ఇంకా పూర్తి చెయ్యలేదని ఆయనకు తెలియదు.

దారం కట్టినవి ఇక్కడే ఉండాలంది ఆవిడ. వాటంతట అవి కన్నుమూసేదాకా ఉండాలి, సజ్జలు తను పోస్తుంది. కాని దారం లేనివి కొయ్యడానికి ఉంచినవని ఎవరికైనా అర్థమవుతుంది. అభయం పొందిన ప్రాణుల పక్కన కసాయి సరుకు ఉండకూడదు. అవి ఇవాళే పోవాలి.

"గంప తెచ్చినట్టున్నాడుగా మీ వాడు," అని బక్కయ్యను చూపించింది.

రాజనర్సు లేచి నిలబడ్డాడు. నల్లపిల్ల ఆయన కాళ్ల దగ్గరే ఉంది. గబగబా ఎడమ జేబు తడిమాడు, తెల్లదారం వచ్చింది. కుడి జేబు తడిమాడు, ఆకుపచ్చది వచ్చింది. జేబులు రెండూ బయటికి తీసి దులిపాడు. ఉన్న ఎర్రదారమంతా పొద్దునే డ్యామేజ్ సరుకుకు ఖర్చయిపోయింది.

"దీనిక్కూడ మొక్కిన బెన్. కట్టుడు మర్శిన," అన్నాడు తెలుగులోనే.

బక్కయ్య దాన్ని హిందీలోకి మార్చి చెప్పాడు. హంసాబెన్ జాలిగా నవ్వింది. దేవుడికి ఇచ్చేటప్పుడు ఎవరూ మర్చిపోరంది. ప్రమీల కూడా తల ఊపింది.

"ఆ ఆరు చాలు. అమ్మకు ఆశ లేదు," అంది ఆమె.

గిరిరాజలు నాలుగూ గంపలోకి వెళ్లాయి. పెద్ద కడక్‌నాథ్ వెళ్లింది. నల్లపిల్లను రాజనర్సే ఎత్తి, కాసేపు గుండెకు ఆనించుకుని, బక్కయ్య చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు చెవి దగ్గర, "దీన్ని కోస్తివా, నీ మెస్ కాలవెడ్త," అన్నాడు. బక్కయ్య తల ఊపి గంప ఎత్తుకున్నాడు. బక్కయ్య బండి మలుపు తిరిగేదాకా రాజనర్సు గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

ఆ చలికాలం గూడు సరిగ్గా సరిపోయింది. సజ్జలు తిని నాటుపెట్టలకు కొత్త ఈకలు వచ్చాయి. తెల్లకోళ్లు ఒళ్లు చేశాయి. ఒంటికన్ను పుంజు హంసాబెన్ స్కూటర్ సీటు మీద దర్జాగా పడుకున్నా ఆవిడ లేపలేదు. గుడ్డు మాత్రం ఒక్కటీ రాలేదు. పల్సానా నుంచి బక్కయ్య ఫోన్ చేసి, "బావా, నీ నల్లది గుడ్లు మస్తు పెడ్తున్నది. వంటోడు కోస్తడేమోనని కాలికి ఎర్రదారం కట్టిన," అని చెప్పినప్పుడు రాజనర్సు కిరాణా కొట్టు ముందు గుడ్ల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అయితే అది తర్వాతి మాట. కోళ్లు పోయిన మర్నాడు ఆయన ఖాతాకు బయలుదేరుతుంటే ప్రమీల ఆపి, పసుపు రాసిన ఎర్రదారం ఒకటి ఆయన కుడి మణికట్టుకు గట్టిగా ముడి వేసింది. ఆయన వద్దనలేదు. వద్దనే హక్కు పోయిందని ఆయనకు తెలుసు.

ఖాతాలో మడత బల్ల దగ్గర శ్యాంసుందర్ టాకాలు పరీక్ష చేస్తున్నాడు. డ్యామేజ్ సరుకుకు ముడులు వేసేది ఆయనే. చేతిలో ఎర్రదారం పట్టుకుని తల ఎత్తి, మాస్టర్ మణికట్టు చూశాడు. తర్వాత మాస్టర్‌ను కింది నుంచి పైదాకా నిదానంగా చూశాడు.

"ఎవలు కట్టిన్రు మాస్టర్?"

"మా ఇంట్ల," అన్నాడు రాజనర్సు చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ.

"అక్క మంచిగ చూసే కట్టి ఉంటది," అని శ్యాంసుందర్ ఇంకో టాకా ముందుకు లాక్కున్నాడు.