మందు కొట్టని చేను

"నడిమిపల్లె శనగచేలలో జరగబోవు ఈ మహాప్రయోగం దేశ వ్యవసాయ చరిత్రను మలుపు తిప్పగలదని ఇందుమూలంగా తెలియజేయడమైనది!"

పై ఆఫీసు నుంచి వచ్చిన ఈ కాగితాన్ని పురుగుమందుల శాస్త్రవేత్త రహమతుల్లా ఊరి మధ్య నిలబడి గట్టిగా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కూలి రైతు ఎలీషా మాత్రం చేతులు కట్టుకున్నాడు. చరిత్ర మలుపు తిరగబోయే చోటే అతనికున్న ఒక్క ఎకరమూ ఉంది మరి!

ఆ ఎకరానికి తూర్పున ఓబులప్ప చేను, పడమర కొండప్ప చేను. ఇద్దరూ మోతుబరులే. ఓబులప్పది ఒక పార్టీ కాబట్టి కొండప్పది రెండో పార్టీ. పదిహేనేళ్లలో మధ్యన ఒక ఆఫీసరు లేకుండా ఇద్దరూ ఎదురుపడింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ జమ్మలమడుగు ఆస్పత్రిలో మంచాలు చాలలేదు.

ప్రయోగం సంగతి చూస్తే చాలా చిన్నది. శనగకాయను తొలిచే పచ్చపురుగుకు కొత్త మందు కనిపెట్టారు. దాన్ని రెండు చేలలో రెండేసి సార్లు కొట్టాలి. మూడో చేనికి మాత్రం ఏ మందూ చూపించకూడదు. అప్పుడే గదా మందు పనిచేసిందో లేదో తేలేది!

"మందు కొట్టని చేను ఎవరిదో చీటీలేసి తేల్చుకుందాం" అన్నాడు రహమతుల్లా. పాపం, ప్రొద్దుటూరు టౌన్లో పుట్టినవాడు, పల్లెల సంగతి తెలియదు.

"చీటీలో నా పేరొస్తే? నా చేను పురుగులు తింటాంటే ఆయప్ప గట్టున నిలబడి నవ్వల్లనా?" అని లేచాడు ఓబులప్ప.

"ఆయప్ప చేనికి మందు, నా చేనికి మన్నా?" అని లేచాడు కొండప్ప.

రెండువైపులా మనుషులు తువ్వాళ్లు నడుముకు బిగించారు. ఆ ఘడియలోనే ఓబులప్ప, కొండప్ప ఇద్దరి చూపులూ ఒకేసారి ఎలీషా మీద పడ్డాయి. వాళ్లిద్దరూ ఒకే దిక్కు చూడడం ఊరికదే మొదటిసారి.

"ఒరే ఎలీషా, నువ్వు ఏ పార్టీవీ కాదు గదా? నీ చేను వదిలెయ్!" అన్నారిద్దరూ.

"అయ్యో, నాకుండేదే ఆ ఎకరం సార్" అని ఎలీషా రహమతుల్లా కాళ్లకు అడ్డం పడ్డాడు. "ఏడాదంతా మేం తినేది అదే, వచ్చే ఏటికి విత్తనమూ అదే. కోతపండక్కి చర్చికి ఒక మూట ఇస్తానని ప్రార్థన కూడా చేసుకోనుండా."

"సైన్సు కోసం త్యాగం చెయ్యాలప్పా!"

"త్యాగం మీరు చెయ్యండి సార్. నాకు ఒక డబ్బా మందియ్యండి."

ఇవ్వలేదు. పైగా మందు ముట్టనని కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు.

ఇక సైన్సు మొదలైంది. ఓబులప్ప రెండుసార్లు మందు కొట్టించాడని తెలిసి కొండప్ప మూడోసారి కొట్టించాడు. మూడు కొట్టినవాడి ముందు రెండు కొట్టినవాడు తలెత్తుకుని ఎట్లా తిరుగుతాడు? ఓబులప్ప నాలుగు కొట్టించాడు. ప్రభుత్వం ఇచ్చిన మందు చాలక ఆయన మనిషి ప్రొద్దుటూరుకు పరుగెత్తితే, ఈయన మనిషి పులివెందులకు పరుగెత్తాడు. ఇద్దరూ ఒకే అంగట్లో కొంటే రాజీ పడ్డారని లోకం అనుకోదూ! మందుకొట్టేవాడికి ముందొకడు, వెనకొకడు వేటకొడవళ్లతో కాపలా. సాయంత్రమైతే చెరొక నాటుబాంబు పేల్చేవాళ్లు, చేనికి మగదిక్కు ఉందని తెలియడానికి. ఆఖరికి ఓబులప్పవి పదకొండు, కొండప్పవి పన్నెండు అయ్యాయి. పురుగులు ఆ మందుకు అలవాటు పడి ఒళ్లు చేశాయి.

ఆ కంపుకీ ఆ మోతకీ తట్టుకోలేక పిట్టలన్నీ లేచిపోయాయి. ఎక్కడికని పోతాయి? కంపూ మోతా లేని చేను అక్కడ ఒక్కటే ఉంది. ఎలీషా పెండ్లాం జ్ఞానమ్మ తుమ్మకొమ్మలు విరిచి తెచ్చి, వాలడానికి వీలుగా చేనంతా నాటింది.

"మందొద్దన్నారు గానీ కొంగలొద్దని రాయించుకోలేదు గదా!" అంది.

కొంగలూ గోరింకలూ పొద్దస్తమానం పురుగుల్ని ఏరుకు తిన్నాయి.

నూర్పిళ్లయ్యాయి. తూకం వేస్తే ఓబులప్పకు అయిదు మూటలు, కొండప్పకు అయిదు, ఎలీషాకు తొమ్మిది! రహమతుల్లా కాటా మార్పించి మళ్లీ తూయించాడు. రెండో కాటాకు కూడా ఏ పార్టీ లేనట్టుంది, తొమ్మిదే చూపించింది.

"ఎలీషా కంటే తక్కువని రాస్తావా సార్? ఎలెక్షన్లో ఏం మొగం పెట్టుకోని తిరగల్ల?" అన్నాడు ఓబులప్ప.

"ఈ ఒక్క మాట ఆయప్ప సరిగ్గా చెప్పినాడు" అన్నాడు కొండప్ప.

రహమతుల్లాకు ఇద్దరు చిన్నపిల్లలు. రిపోర్టులో ఓబులప్పకు తొమ్మిది, కొండప్పకు తొమ్మిది, ఎలీషాకు నాలుగు అని రాశాడు. మోతుబరులిద్దరూ వేరువేరు కలాలతో సాక్షి సంతకాలు చేశారు. పంట చేతికొచ్చింది, అంతే చాలని ఎలీషా తొమ్మిది మూటలూ ఇంటికి చేర్చుకున్నాడు.

పదిహేను రోజులకు ఇంకో కాగితం వచ్చింది. "అమోఘమైన ఫలితం! రిపోర్టు ప్రకారం మూడు చేల పంటనూ విత్తనం కోసం సోమవారంలోగా కొనుగోలు కేంద్రంలో అప్పగించవలెను. తక్కువ అప్పగించినవారి పేర్లు పేపర్లో ప్రకటించబడును!"

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఓబులప్ప ఒంటరిగా ఎలీషా వాకిట్లోకి వచ్చాడు. చంకలో నాలుగు ఖాళీ గోతాలు.

"ఎలీషప్పా, బాగుండావా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎలీషా ఆ నోట 'అప్పా' వినడం అదే మొదలు.

అంతలో కొండప్ప కూడా వచ్చాడు. ఆయన చంకలోనూ నాలుగు గోతాలే! మోతుబరులిద్దరూ మూడోసారి ఎదురుపడ్డారు. జ్ఞానమ్మ కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది. కానీ చంకలో గోతాలు పెట్టుకుని ఎవరు ఎవరిని నరుకుతారు?

"నాలుగు మూటలియ్యప్పా, ఎంతడిగితే అంతిస్తా" అన్నారిద్దరూ ఒకే గొంతుతో.

"నా చేన్లో పండిందే నాలుగు గదప్పా! మీరే సంతకాలు పెట్టినారు. ఆ నాలుగూ నిన్ననే కేంద్రంలో ఇచ్చేసినా" అన్నాడు ఎలీషా.

"మరి జ్ఞానమ్మ కూసున్న ఆ అయిదు మూటలేంది?"

"అవి పండనివప్పా. పండని పంటను నేనెట్లా ఇచ్చేది? సైన్సు ఏమనుకుంటుంది?"

పోదామంటే ముందు కదిలినవాడు వెనక్కి తగ్గినట్టవుతుంది. అందుకని ఇద్దరూ నిలబడే ఉన్నారు. చూసి చూసి జ్ఞానమ్మే జాలిపడి చెరొక గిన్నెలో శనగ గుగ్గిళ్లు పెట్టింది.

"శానా బాగుండాయే! నిజం చెప్పప్పా, ఏం మందు కొట్టినావు?" అన్నాడు ఓబులప్ప నములుతూ.

"ఏమీ కొట్టలేదప్పా."

"అట్లయితే వచ్చే ఏడు నా చేన్లో దానికి రెండింతలు కొట్టిస్తా!" అని అరిచాడు కొండప్ప.

"నా చేన్లో మూడింతలు!" అన్నాడు ఓబులప్ప.

ఎలీషా వాళ్లనట్లాగే వదిలి, ఒక మూట భుజానికెత్తుకుని కోతపండక్కి చర్చికి బయలుదేరాడు. రిపోర్టు ప్రకారం ఆ మూట లేదు గనుక ఎవరూ అడ్డం రాలేదు.