తాళం పడ్డ ఖాతా వర్ధిల్లాలి!

సోదర సోదరీమణులారా! మీ సోషల్ మీడియా ఖాతాకు తాళం పడితే ఏడవకండి. ఇరుగుపొరుగుకు స్వీట్లు పంచండి! నా ఖాతాకు ఒకసారి కాదు, రెండుసార్లు పడింది. అనుభవం మీద చెబుతున్నాను.

అందని ద్రాక్షపండ్లు పుల్లన అంటారా? అనుకోండి. కానీ నేను కళ్లజోళ్ల షాపువాణ్ణి. ఊళ్లో సగం మంది లోకాన్ని చూసేది నా అద్దాల్లోంచే. చూపు గురించి నాకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

తాళం ఎలా పడిందంటే, పాత ఫోన్ చచ్చిపోయి కొత్తది కొన్నాను. అది పాస్‌వర్డ్ అడిగింది. ఖాతా తెరిచిన రోజు ఏదో పెట్టాను. ఆ తర్వాత అదెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. తోచినవన్నీ కొట్టాను. "మీ ఖాతాలోకి ఎవరో చొరబడాలని చూస్తున్నారు. మిమ్మల్ని కాపాడటానికి తలుపు మూశాం" అంది కంపెనీ. ఆ ఎవరో నేనే! నన్ను నా నుంచి కాపాడాలని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ ప్రయత్నిస్తోంది. ఆమె వల్లే కాలేదు.

ఇక లాభాలు చూడండి. రోజూ పొద్దున్నే గులాబీ బొమ్మ మీద 'శుభోదయం' అని రాసి వేలమందికి పంపాకే నేను పళ్లు తోముకునేవాణ్ణి. ఇప్పుడు లేవగానే తోముకుంటున్నాను. నమ్మకపోతే మా ఆవిడను అడగండి, సంతోషంగా చెబుతుంది.

షాపులో కస్టమర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, "కింది వరుస చదవండి" అని, నేను ఫోన్‌లో ఎవరి కాపురం గొడవో చదువుకునేవాణ్ణి. వాళ్లేం చదివినా "భేష్!" అనేవాణ్ణి. ఊళ్లో ఒకాయన సొంతిల్లు అనుకుని పక్కింటి గేటు తీసి లోపలికి వెళ్లాడని విన్నాను. ఆ పాపం నాదే కావచ్చు. ఇప్పుడు ప్రతి అక్షరం వింటున్నాను. దానివల్ల వ్యాపారం కొంచెం తగ్గింది. సరైన అద్దాలిస్తే మళ్లీ ఎవరొస్తారు?

ప్రపంచశాంతి సంగతి చెప్పనే లేదు! చొక్కా అంచుతో అద్దాలు తుడవచ్చా, కూడదా అన్న విషయం మీద ముక్కూ మొహం తెలియని ఒకాయనతో యుద్ధంలో ఉన్నాను. ఆయన నన్ను మూర్ఖుడన్నాడు, నేను ఆయన్ని గుడ్డివాడన్నాను. తాళం పడింది, యుద్ధం ఆగింది. ఎవరు నెగ్గారో చరిత్రకు తెలియకుండా పోయింది.

ఇంత సుఖంగా ఉంటే మళ్లీ ఆ ఖాతా కోసం ఎందుకు పాకులాడావయ్యా అంటారా? కేవలం పరిశోధన కోసం!

సరే, ఇంకో చిన్న కారణం ఉంది. మా తమ్ముడు.

వాడు డ్రాయింగ్ మాస్టారు. నాలుగు వీధుల అవతలే ఇల్లు. రెండేళ్ల కిందట మెయిన్ రోడ్డులో కొత్తగా వెలిసిన ఏసీ షోరూమ్‌కి వెళ్లి కళ్లజోడు కొనుక్కున్నాడు. అన్న కళ్లజోళ్ల షాపు పెట్టుకుని బతికుండగా! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

"ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఇచ్చారన్నయ్యా" అన్నాడు.

"అయితే ఒక అన్నయ్యను కూడా ఫ్రీగా ఇస్తారేమో కనుక్కో" అన్నాను.

అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. కానీ ప్రతి ఉదయం నా గులాబీ కింద వాడి బొటనవేలు మాత్రం కనబడేది. ఒక్క లైకు. అది చూశాకే నాకు టీ రుచించేది. తాళం పడ్డాక టీ మానేశానని చెప్పను. తాగుతున్నాను, అంతే.

కాబట్టి ఖాతా కావాలన్నాను. కంపెనీ పరీక్ష పెట్టింది. నా స్నేహితుల ఫొటోలు చూపిస్తుందట, ఎవరెవరో నేను చెప్పాలట. అప్పుడే నేను నేనని నమ్ముతుందట. నవ్వొచ్చింది. పొద్దస్తమానం ముఖాలు చూడటమే కదా నా పని!

మొదటి ఫొటో చూడగానే చెమట పట్టింది. ఎవరీయన? నా స్నేహితులంతా నాకు గులాబీలుగా, సూర్యోదయాలుగా, బోసినవ్వుల మనవరాళ్లుగానే పరిచయం. ఉన్నట్టుండి ముఖాలతో కనబడితే ఎలా?

అయినా వృత్తి వృత్తే. ముఖం వదిలేసి ఫ్రేము చూశాను. సన్నటి బంగారు రంగు, కుడి కాడ కొంచెం వదులు. మా సరుకే. బ్యాంకు క్యాషియర్! కరెక్ట్. తర్వాతది గోధుమరంగు గుండ్రటి ఫ్రేము. పళ్ల డాక్టరు! అదీ కరెక్ట్. చివరి ఫొటోలో బట్టతల, నెరిసిన గడ్డం, నల్లటి మందపాటి ఫ్రేము. అలాంటి ఫ్రేము నేను చచ్చినా అమ్మను. కింద ఇచ్చిన పేర్లు చూడనైనా చూడకుండా 'తెలియదు' అని నొక్కేశాను.

వెనక నుంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"అదేంటండీ! మీ తమ్ముణ్ణి పట్టుకుని తెలియదన్నారు?"

"తమ్ముడా? వాడికి గడ్డం ఎప్పుడొచ్చింది?"

"ఏడాదయింది. జుట్టు పోయి కూడా."

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కంపెనీ ఊరుకోలేదు, ఫెయిలంది. ఇక ఒకే ఒక దారి ఉందంది. నమ్మకమైన స్నేహితుణ్ణి ఒకరిని ఎంచుకుంటే, వారి ఫోన్‌కి ఒక నంబర్ పంపుతుందట. నేనే వారికి ఫోన్ చేసి అడగాలట.

వేలమంది స్నేహితులు! వాళ్లలో ఎవరికి చేయను? నంబర్లన్నీ పాత ఫోన్‌తోనే పోయాయి. కంఠతా వచ్చిన నంబర్ ఒక్కటే మిగిలింది. తమ్ముడికి మొదటి ఫోన్ కొనిచ్చింది నేనే, ఆ నంబర్ ఏరింది కూడా నేనే. వాడి పేరే ఎంచుకుని, సిగ్గు విడిచి ఫోన్ కొట్టాను. వాడు హలో కూడా అనలేదు.

"ఏమైపోయావన్నయ్యా? ఇన్నాళ్లుగా గులాబీ లేదు. బాగానే ఉన్నావని వదిన చెప్పింది గానీ నా మనసు నిలవలేదు."

"ఖాతా పోయిందిరా. నీ ఫోన్‌కి ఏదో నంబర్ వస్తుంది, చదివి చెప్పు."

"నాకు సరిగా కనబడ్డం లేదు. ఫోన్ పట్టుకుని నేనే వస్తా" అన్నాడు.

నా గుండె గంతులేసింది. చూశారా! షోరూమ్ అద్దాలు పనికిరావని నేను ముందే చెప్పలేదూ?

వచ్చాడు. గుమ్మం మెట్టు తన్నుకుని, తూలి, కౌంటర్ పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలో కూర్చోబెట్టాను. జేబులోంచి ఆ నల్ల ఫ్రేము తొంగిచూస్తోంది. లాగి వాడి ముక్కు మీద పెట్టి, "చదవరా" అన్నాను. కింది వరుస చివరి అక్షరం దాకా గడగడా చదివాడు. ఆ బోర్డు అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా వదల్లేదు.

"ఇంత శుభ్రంగా కనబడుతుంటే తీసి జేబులో పెట్టుకున్నావేంరా?"

"మరి దీన్ని పెట్టుకుని నీ షాపుకి ఎలా వస్తానన్నయ్యా?"

అంటే, ఫోన్‌లో కనబడ్డం లేదన్నది శుద్ధ అబద్ధం. రావడానికి వాడికో సాకు కావాలి. ఆ సాకు కోసం నాలుగు వీధులూ తడుముకుంటూ వచ్చాడు. పాఠకులారా, ఎన్నో కళ్లు చూసినవాణ్ణి. ఆ పూట నావే సరిగా పనిచేయలేదు. వాడి గడ్డం అచ్చం నాన్నకు లాగే ఎడమవైపు పలచగా వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. రోజూ బొటనవేలు చూస్తూ తమ్ముణ్ణి చూస్తున్నాననుకున్నాను.

నంబర్ కొట్టాం. ఖాతా తెరుచుకుంది. టీ తెప్పించాను, ఇద్దరం తాగాం. వాడు లేచి, గుమ్మం దగ్గర ఆగి, "ఇక రోజూ గులాబీ వస్తుందిగా, బెంగలేదు. వస్తానన్నయ్యా" అన్నాడు.

అక్కడ నాకు తల తిరిగింది. ఖాతా వచ్చేసింది కాబట్టి వీడిక రాడన్నమాట!

"ఊరికే రారా, నిన్ను చూడాలనుంది" అనొచ్చు కదా? వేలమందికి శుభోదయం చెప్పిన నోరే! ఆ చిన్న ముక్క మాత్రం పెగల్లేదు.

అందుకే వాడు వీధి మలుపు తిరిగేలోపే ఖాతాలోంచి బయటికి వచ్చి, తప్పు పాస్‌వర్డ్‌లు ఒకదాని వెంట ఒకటి కొట్టాను. కంపెనీ నన్ను నా నుంచి మళ్లీ కాపాడింది. వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, మళ్లీ తాళం పడిందిరా."

"ఇప్పుడేగా తెరిచాం!"

"ఏమోరా, ఈ కంపెనీవాళ్లని నమ్మలేం. రేపు షాపు తెరిచే వేళకు రా. నంబర్ మళ్లీ నీకే వస్తుంది."

"సరే, రేపొస్తా. ఎల్లుండి కూడా పడేట్టుందా?" అన్నాడు.

"పడేట్టే ఉంది. కళ్లజోడు పెట్టుకునే రా" అన్నాను.