చౌడప్ప నమ్మదగిన మనిషి కాడు

మనిషి ఉన్నాడా లేడా అన్నది చిన్న ప్రశ్న. వాణ్ని నమ్మవచ్చా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. దాన్ని తేల్చడానికి కమిటీ వేయడం తప్ప మానవజాతి ఇంతవరకూ మరో మార్గం కనిపెట్టలేదు. అటువంటి ఒక కమిటీకి నేను కార్యదర్శిని. అందువల్ల 2003లో అనంతపురంలో చౌడప్ప అనే రైతును ఎందుకు కొట్టివేయవలసి వచ్చిందో ప్రజలకు వివరించే బాధ్యత నా మీద పడింది. చౌడప్ప నిజం మనిషి కాడని ముందే మనవి చేస్తున్నాను. (నిజం మనిషైతే ఇంత శ్రద్ధగా విచారణ ఎవరు చేస్తారు?)

విషయం మొదటినుంచీ చెప్పాలి. మా హర్ష బెంగళూరుకు కంప్యూటర్ కోర్సు చదవడానికి పోయి, కోర్సు సగంలో వదిలేసి, ఒక ఆట మాత్రం పూర్తిగా నేర్చుకొని వచ్చాడు. ఆ ఆటకు కావలసింది ఒక బల్ల, ఇరవై ముఖాల పాచిక, జిరాక్స్ తీసిన నిబంధనల పుస్తకం. (మా పుస్తకంలో నడుమ కొన్ని పేజీలు లేవు. మా గొడవల్లో సగం ఆ పేజీల గురించే.) ఆడేవాడు ప్రతి ఒక్కడూ ఒక మనిషిని ఊహించుకోవాలి. ఆ మనిషికి బలం ఇంత, తెలివి ఇంత, ధైర్యం ఇంత అని కాగితం మీద మార్కులు వేసుకోవాలి. రాక్షసులూ మాంత్రికులూ తిరిగే లోకంలో హర్ష కథ నడుపుతాడు. మనం మన మనిషి నోటితో మాట్లాడాలి. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది పాచిక చెబుతుంది. అంతే ఆట. వినడానికి పిల్లచేష్టలా ఉంటుంది గానీ, మంచి ఉద్యోగాల్లో ఉన్న పెద్దమనుషులు దీనికంటే తక్కువ ఆధారాలతో జిల్లాలు నడుపుతున్నారు.

ఆదివారం మధ్యాహ్నాలు హబీబుల్లా టైలర్ షాపులో బట్టలు కత్తిరించే బల్లే మా రాజ్యం. హబీబుల్లా ఆడేవాడు కాదు. ఒక మూల మిషన్ తొక్కుకుంటూ ఉండేవాడు. గుడ్డల మీద గీతలు గీసే సుద్దతోనే మేము బల్ల మీద కోటలూ కనుమలూ గీసేవాళ్లం. సోమవారం ఎవరి ప్యాంటు మీదైనా మాంత్రికుడి గుహ కనబడితే, అది మా తప్పేనని హబీబుల్లా గిరాకీలకు సర్దిచెప్పుకునేవాడు.

ఇక రాఘవేంద్ర సంగతి. పగలు మందుల ఏజెన్సీలో పని, మిగతా టైమంతా నిబంధనల పుస్తకం. అందులో ఒక చోట, మీ మనిషికి ఏదైనా బలహీనత పెట్టుకుంటే దానికి బదులు అదనంగా మార్కులు ఇస్తారని ఉంది. తెల్లకార్డుకు దరఖాస్తు పెట్టిన జిల్లాలో ఈ కిటుకు అర్థం కావడానికి ఎవరికీ ట్యూషన్ అక్కర్లేదు. రాఘవేంద్ర తన మనిషికి వజ్రకాయుడని పేరు పెట్టి, తల్లీదండ్రీ లేకుండా చేశాడు, ఒక కన్ను తీసేశాడు, వంకాయ పడదన్నాడు, పిల్లులంటే భయమన్నాడు, ఈత రాదన్నాడు. ఈత రానందుకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఏడాదిన్నరగా నడుస్తున్న ఆటలో హర్ష సృష్టించిన లోకమంతటా ఒక్క ఏరు కూడా నీళ్లతో పారలేదు. హర్షదీ ఈ జిల్లానే కదా, పాపం, ఊహించుకోవాలన్నా నీళ్లు గుర్తుకురాలేదు. ఆ మార్కులన్నీ పోగేసి రాఘవేంద్ర బలం గడిలో ఇరవై వేసుకున్నాడు. ఇరవై అంటే కొండను చంకన పెట్టుకొని పోగలిగినంత.

దీనికి పూర్తిగా ఎదురు ఓబులేసు. టౌన్లో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఊరు శింగనమల. అక్కడ చెరువుందని సంబరపడకండి, వాళ్ల చేను చెరువు కింద కాదు, గుట్ట పక్కన మెట్ట. అతను ఊహించుకున్న మనిషి చౌడప్ప. బలం తొమ్మిది, తెలివి పది, ఆయుధం ములుకర్ర. రెండెద్దులు. వలపటిదానికి పొగరు, దాపటిదానికి దగ్గు. ఇంట్లో పెండ్లాం నల్లమ్మ. లోకమంతా మంత్రఖడ్గం కోసం కొట్టుకుంటుంటే చౌడప్ప చేను దున్నుకుంటాడు. ఒకసారి రాక్షసుడు వచ్చి గర్జిస్తే మేమందరం కత్తులు దూశాం. ఓబులేసు మాత్రం గొంతు మార్చి, "సామీ, రోంత ఆ గట్టు మీద నడువు. ఇది దున్నిన చేను," అన్నాడు. రాక్షసుడు గట్టెక్కాడు. ఎందుకెక్కించాడో హర్షకే తెలియదు. ఓబులేసు చౌడప్ప గొంతుతో మాట్లాడుతుంటే మూలన మిషన్ చప్పుడు ఆగిపోయేది. ఎద్దుకు దగ్గు ఎక్కువైన వారం ఇంద్రాణి నిజంగానే వాము తెచ్చి ఇచ్చింది. (ఇంద్రాణి బ్యాంకు ఉద్యోగి, చదువుకున్న మనిషి. ఆ వాము మేమే బజ్జీల్లోకి వాడుకున్నాం.)

మా లోకంలో ఏడాదికి ఒకే సీజను, సీజనుకొకసారి వానకు పాచిక వేయాలి. పదిహేడు దాటితే పంట. ఓబులేసు కళ్లు మూసుకొని వేసేవాడు. నాలుగు సీజన్లూ పోయాయి.

సంక్షోభం మరోవైపు నుంచి వచ్చింది. హర్ష మూడు వారాలు కూర్చొని ఏడు తలల రాక్షసుణ్ని తయారుచేశాడు. వాడికి రెండు పేజీల ప్రసంగం కూడా రాశాడు. రాక్షసుడు లేచి "నేనెవరో తెలుసా" అనేలోపే వజ్రకాయుడు ఒక్క గుద్దు గుద్దాడు. పాచిక ఇరవై పడింది. ఏడు తలలూ ఒకేసారి పోయాయి. మిగిలిన ప్రసంగం కాగితాన్ని హర్ష మడిచి జేబులో పెట్టుకున్న తీరు చూస్తే పగవాడికైనా జాలి కలుగుతుంది.

"ఇది ఆటనా? ఇదేమన్నా మనిషి చేసే పనేనా?" అన్నాడు హర్ష, ముక్కు ఎర్రబడి. "ఇంగ మీదట నమ్మేటట్లుండే మనుషులే ఈ బల్ల మీద ఉండాల. లేనోళ్లను కొట్టేస్తాం."

ఆ విధంగా నమ్మదగిన పాత్రల పరిశీలనా కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు హర్ష, సభ్యురాలు ఇంద్రాణి, కార్యదర్శి నేను. (పగలంతా ఒక ఆఫీసులో ఫైళ్లకు దారాలు కట్టే అనుభవం ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.) కమిటీ ప్రతి పాత్రనూ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఎక్కడివాడు? ఇట్లా ఎందుకు తయారయ్యాడు? బుద్ధున్నవాడెవడైనా ఈ పని చేస్తాడా? జవాబు నమ్మేట్టు లేకపోతే పాత్రను కొట్టివేస్తారు. కొట్టివేసిన పాత్రను మళ్లీ ఆడరాదు. ఈ నిబంధనకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఓబులేసు. "మంచి పని చేసినారన్నా. ఇన్నాళ్లకు మా చౌడప్పకు మర్యాద దొరికె," అని తన దుడ్లతో అందరికీ టీ తెప్పించాడు. కొరివితో తల గోక్కునేవాడికి మొదట్లో వెచ్చగానే ఉంటుంది.

విచారణ మొదట వజ్రకాయునిది.

"ఇంత బలం యాడిదప్పా వీనికి?" అన్నాడు హర్ష.

"అడవిలో ఎలుగుబంటి పాలు తాగి పెరిగినాడన్నా. కన్నతల్లిని కండ్ల ముందరే చంపినారు. ఆ దినం ఏడ్చి ఏడ్చి ఒక కన్ను పోయింది. మిగిలిన కంట్లో ఇంగ నీళ్లు రావు," అన్నాడు రాఘవేంద్ర, గొంతు వణికిస్తూ.

ఇంద్రాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. హర్ష మాత్రం చట్టానికి చుట్టాలుండరన్నట్టు బిగుసుకొని కూర్చున్నాడు.

"సరే, అంత ఒళ్లు ఉండాది. ఏం తింటాడు?"

"కోపం తింటాడన్నా."

కమిటీ ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంతకంటే నమ్మదగిన జవాబు ఎక్కడ దొరుకుతుంది? ఈ జిల్లాలో కరువు తగలని పంట అదొక్కటే. వజ్రకాయుడు నెగ్గాడు.

తర్వాత చౌడప్ప. ఓబులేసు తల దువ్వుకొని మరీ వచ్చి కూర్చున్నాడు. మొదటి రెండు ప్రశ్నలూ సాఫీగా జరిగాయి. మూడోదాని దగ్గర హర్ష గొంతు సవరించుకున్నాడు.

"నాలుగేండ్లుగా పంట పోయింది. ఇప్పుడు ఐదో ఏడు. వాన పడింది. చౌడప్ప ఏం చేస్తాడు?"

"విత్తుతాడన్నా."

"విత్తనం యాడిది?"

"తినేదానికని నల్లమ్మ దాపెట్టిన శెనక్కాయలు ఉండాయి కదా."

"అంటే ఇంట్లో తిండి తీసకపోయి మట్టిలో పోస్తాడా?"

"ఔన్నా."

"నాలుగేండ్లు ఎండిపోయింది కదప్పా!"

"ఎండిపోయింది."

"మల్ల ఈసారి పండుతాదని ఏం ఆధారం?"

"ఏమీ లేదన్నా. వాన పడింది కదా, అందుకని," అన్నాడు ఓబులేసు.

ఇంద్రాణిది మెత్తని మనసు. పాత్రను ఎట్లాగైనా గట్టెక్కించాలని చూసింది. "ఓబులేసూ, మొక్కుబడి ఏమన్నా ఉండాదని చెప్పు. లేదంటే సాధువు కలలో వచ్చి విత్తమన్నాడను. ఏదో ఒక కారణం చెప్పప్పా, నేను సంతకం పెట్టేస్తా."

"కలలు రావక్కా వానికి. సందకాడ పండుకుంటే మొద్దు మాదిరి నిద్రపోతాడు." ఓబులేసు గొంతు కొంచెం పెరిగింది. "కారణం ఏముండాదక్కా? నేల పదునైతే విత్తుతారు. విత్తకుంటే ఏం చేస్తారు, చేనును చూస్తా కూచుంటారా?"

మూలనుంచి హబీబుల్లా మిషన్ ఆపి, "ఏం సార్, మల్ల మీ నాయనలు ఏం చేస్తాండారు ఊర్లల్లో?" అన్నాడు. సభ్యులు కానివారి ప్రశ్నలకు జవాబిచ్చే నిబంధన లేదని నేను వినయంగా తెలియజేశాను. ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

హర్ష తీర్పు చెప్పాడు. ఆధారం లేకుండా, ఆజ్ఞ లేకుండా, మంత్రం లేకుండా, నాలుగుసార్లు మునిగినవాడు ఐదోసారి నోటికాడి తిండి తీసి మట్టిలో పోయడం బుద్ధున్న మనిషి చేసే పని కాదు. కాబట్టి చౌడప్ప నమ్మదగిన మనిషి కాడు. కొట్టివేయడమైనది.

"అన్నా, ఏడాదిన్నర వానితో ఉండాను. నాకు కావాల్సినోడన్నా వాడు," అన్నాడు ఓబులేసు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రాక్షసులను చంపమని నేనేమన్నా అడిగినానా? ఒక మూల దున్నుకుంటాంటాడు. వదిలేయండన్నా." మాకు బాధ కలగలేదని ఎవరైనా అంటే నోరు పడిపోతుంది. చాలా బాధ కలిగింది. కానీ బాధ వేరు, ఫైలు వేరు.

ఆ గురువారం వాన పడింది. నిజం వానే. గాలీ ఉరుమూ లేకుండా, విత్తడానికి సరిపడా మంచి పదును. పైఆదివారం కమిటీ సమావేశం కోరం లేక వాయిదా పడింది. వచ్చినవాడు రాఘవేంద్ర ఒక్కడే. వాళ్లకు భూమి లేదు. ఇంద్రాణి వాళ్ల ఊరు తనకల్లు పోయింది, వాళ్ల నాయనకు కూలీలు దొరకలేదు. హర్ష కూడా ఊర్లోనే, వాళ్ల ఎద్దుల పగ్గాలు పట్టుకొని. నాకు మా నాయన మా ఊరు కొత్తచెరువు నుంచి హబీబుల్లా షాపు కింద ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, "పదునైంది, వచ్చెయ్," అని పెట్టేశాడు. పోయాను. గొర్రు వెనక నడుస్తూ వేరుశనగ విత్తనం వేశాను. మాకది పంట పోయిన తర్వాత ఎన్నో ఏడాది అన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఆపై ఆదివారం అందరం వచ్చాం. హర్ష అరచేతుల్లో బొబ్బలు. ఇంద్రాణి మెడ ఎండకు కమిలింది. ఓబులేసు మమ్మల్ని ఒకసారి చూశాడు, తీర్పును మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టాడు. నోటితోనే పెట్టాడు, ఒకే వాక్యం: "మీరంతా యాడికి పోయింటిరన్నా?"

కమిటీ అర్జీని సానుభూతితో పరిశీలించింది. మేము పోయినమాట నిజమే. అయితే నిజమైనంత మాత్రాన నమ్మాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. (లేని పేజీల్లో ఉండవచ్చని హబీబుల్లా అన్నాడు. ఆయన సభ్యుడు కాడు.) జరిగింది ఒక శాఖ, నమ్మదగింది మరో శాఖ. ఒక శాఖ ఫైలు మరో శాఖకు పోవాలంటే చాలా దూరం. అర్జీ తిరస్కరించడమైనది. వేరే పాత్రతో రావడానికి ఓబులేసుకు అవకాశం ఇచ్చాం. లేచి బస్సుకు పోయాడు.

వేరుశనగకు ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. అందరి చేలూ ఒకే విధంగా ఎండాయి. ఈ విషయంలో మా కమిటీలో ఎటువంటి భేదాభిప్రాయాలూ లేవు.

సెప్టెంబరు చివర్లో ఓబులేసు వచ్చాడు. కాస్త చిక్కాడు. కొత్త కాగితం బల్ల మీద పెట్టాడు. నాలుగు చేతుల వీరుడు. బలం ఇరవై. ఊరు లేదు, ఇల్లు లేదు, పెండ్లాం లేదు, ఈత రాదు. లెక్క రాఘవేంద్ర మెచ్చుకునేంత శుభ్రంగా ఉంది.

"ఎక్కడివాడప్పా?" అన్నాడు హర్ష.

"యాడివాడూ కాదన్నా."

"ఇట్లా ఎందుకయినాడు?"

"మీరు చెప్పినట్లు చేసినాను."

ఇంద్రాణి మూడో ప్రశ్న అడిగింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. "వాన పడితే ఏం చేస్తాడు?"

"తడుస్తాడక్కా."

"విత్తడా?"

"ఎందుకు విత్తుతాడక్కా? బుద్ధున్నోడు."

ఇంత నమ్మదగిన మనిషి ఇంతవరకూ తమ ముందుకు రాలేదని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.